ఆరో ఆర్డర్ ఫిల్టర్‌లో డిస్టార్షన్ ఎక్కడ పుడుతుంది?

ఫిల్టర్ పని చాలామంది ఇంజనీర్ల బల్ల మీదికి ఒక్క వాక్యంలో వస్తుంది: 20 కిలోహెర్ట్జ్ లోపాస్, ఆరో ఆర్డర్ బటర్‌వర్త్, టీహెచ్‌డీ 0.01 శాతం లోపు. ఫిల్టర్ డిజైన్ టూల్‌లో ఆ అంకెలు వేస్తే నిమిషంలో మూడు సాలెన్-కీ స్టేజీలు, వాటి రెసిస్టర్లు, కెపాసిటర్ల విలువలు వచ్చేస్తాయి. సిమ్యులేషన్‌లో గ్రాఫు చక్కగా దిగుతుంది. తీరా బోర్డు వచ్చాక 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలత బాగానే ఉంటుంది, 7 కిలోహెర్ట్జ్ దగ్గరికి వెళ్లేసరికి మూడో హార్మోనిక్ తలెత్తుతుంది. అప్పుడు అందరి చూపూ ఆప్-ఆంప్ మీదే పడుతుంది. ఇంకా ఖరీదైనది వేద్దామా అన్న మాట మొదలవుతుంది.

వేయాల్సి రావచ్చు కూడా. కానీ మూడు స్టేజీల్లోనూ అక్కర్లేకపోవచ్చు. ఒక్కోసారి ఆప్-ఆంప్‌ని ముట్టుకోకుండా స్టేజీల వరస మారిస్తేనో, రెండు కెపాసిటర్లు మారిస్తేనో పని అయిపోతుంది. ఏది చేయాలో తేలాలంటే ముందు రెండు అంకెలు స్టేజీవారీగా కాగితం మీద పెట్టుకోవాలి. ఒకటి, ఆ స్టేజీ అవుట్‌పుట్ గరిష్ఠంగా ఎన్ని వోల్ట్లు ఊగుతుంది. రెండు, అది అలా ఊగే ఫ్రీక్వెన్సీలో ఆప్-ఆంప్‌కి లూప్ గెయిన్ ఎంత మిగులుతుంది. ఊపు పెద్దదై లూప్ గెయిన్ తక్కువైన చోటే డిస్టార్షన్ పుడుతుంది. ఈ పట్టిక వేయకుండా డేటాషీట్ మొదటి పేజీలోని టీహెచ్‌డీ అంకె చూసి భాగాలు ఎంచుకోవడం నాకు ఎప్పుడూ సరైన పద్ధతిగా అనిపించలేదు. ఆ అంకె సాధారణంగా 1 కిలోహెర్ట్జ్‌లో, మామూలు యాంప్లిఫయర్ కనెక్షన్‌లో తీసింది. మన స్టేజీ ఆ కనెక్షనూ కాదు, ఆ ఫ్రీక్వెన్సీలో పనిచేసేదీ కాదు.

ముందు ఊపు సంగతి. ఆరో ఆర్డర్ బటర్‌వర్త్‌ని మూడు రెండో ఆర్డర్ స్టేజీలుగా విడదీస్తే వాటి క్యూ విలువలు 0.52, 0.71, 1.93. మూడూ కలిస్తే సమతలమైన పాస్‌బ్యాండ్ వస్తుంది. విడివిడిగా చూస్తే 1.93 స్టేజీ కటాఫ్‌కి కొంచెం కింద, 18.6 కిలోహెర్ట్జ్ దగ్గర, సరిగ్గా రెండింతలు గెయిన్ ఇస్తుంది. అంటే 6 డీబీ శిఖరం. ఈ స్టేజీని అన్నిటికంటే ముందు పెట్టామనుకోండి. 7 వోల్ట్ల పీక్ సిగ్నల్ లోపలికి వస్తే దాని అవుట్‌పుట్ 14 వోల్ట్లకి పోవాలి. ప్లస్ మైనస్ 15 వోల్ట్ల సప్లై మీద ఎన్‌ఈ5532 ఆప్-ఆంప్ అంత ఊపు ఇవ్వలేదు, అక్కడే క్లిప్ అవుతుంది. ఆఖరి అవుట్‌పుట్‌లో మాత్రం ఆ ఫ్రీక్వెన్సీ ఉండేది 6 వోల్ట్ల లోపే. బయట స్కోపు పెట్టి చూసేవాళ్లకి ఇంత చిన్న సిగ్నల్ ఎందుకు వంకరపోతోందో అర్థం కాదు.

అదే స్టేజీని చివర పెడితే కథ వేరు. 18.6 కిలోహెర్ట్జ్ దగ్గర మొదటి స్టేజీ 5.1 డీబీ, రెండోది 2.4 డీబీ తగ్గించి పంపుతాయి. మూడోది 6 డీబీ పెంచినా మొత్తం ఇన్‌పుట్ కంటే 1.5 డీబీ తక్కువే. ఏ స్టేజీ అవుట్‌పుట్టూ, ఏ ఫ్రీక్వెన్సీలోనూ ఇన్‌పుట్‌ని దాటదు. కాబట్టి పెద్ద సిగ్నల్ వచ్చే చోట తక్కువ క్యూ ముందు, ఎక్కువ క్యూ చివర.

దీనికి చెల్లించాల్సిన ధర ఒకటుంది. ముందు స్టేజీల నాయిస్‌నీ, వాటిలో పుట్టి శిఖరం దగ్గర పడే హార్మోనిక్స్‌నీ చివరి స్టేజీ పెంచి చూపిస్తుంది. సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్ మిల్లీవోల్ట్లలో ఉండి, క్లిప్పింగ్ భయం లేకపోతే వరస తిరగేయడం న్యాయమే. లైన్ లెవెల్ ఆడియో, పెద్ద ఊపుతో ఏడీసీని నడిపే బోర్డుల్లో మాత్రం నేను హెడ్‌రూమ్ వైపే మొగ్గుతాను. నాయిస్ కాస్త పెరిగితే సగటు తీసి తగ్గించుకోవచ్చు, క్లిప్ అయిన సిగ్నల్‌ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఇక రెండో అంకె, లూప్ గెయిన్. దీన్ని లెక్కకట్టేవాళ్లు తక్కువ. కష్టమైన లెక్క కాదు. రెండు రెసిస్టర్లు సమానంగా ఉన్న యూనిటీ గెయిన్ సాలెన్-కీ లోపాస్‌ని తీసుకోండి. దాన్ని చూడగానే ఆప్-ఆంప్ బఫర్‌లా ఉంది, నాయిస్ గెయిన్ ఒకటే అనుకుంటాం. డీసీలో నిజంగా ఒకటే. కానీ స్టేజీ సొంత ఫ్రీక్వెన్సీ దగ్గర పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ వల్ల అది పెరుగుతుంది: క్యూ వర్గాన్ని రెండుతో గుణించి ఒకటి కలిపితే అక్కడి నాయిస్ గెయిన్ వస్తుంది. 0.52 క్యూకి అది 1.54, 0.71కి 2, 1.93కి 8.5.

ఎన్‌ఈ5532 గెయిన్-బ్యాండ్‌విడ్త్ 10 మెగాహెర్ట్జ్. 20 కిలోహెర్ట్జ్‌లో దానికి ఓపెన్ లూప్ గెయిన్ 500. మొదటి స్టేజీలో 325 మిగులుతుంది, రెండోదానిలో 250. మూడోదానిలో 59 మాత్రమే. టీఎల్072 వేస్తే, దాని 3 మెగాహెర్ట్జ్ లెక్కన, మూడో స్టేజీలో 18 కూడా మిగలదు. ఆప్-ఆంప్ అవుట్‌పుట్ స్టేజీలో పుట్టే వంకరని ఫీడ్‌బ్యాక్ సుమారు ఇన్నోవంతుకి తగ్గిస్తుంది కాబట్టి, ఒకే చిప్పు మొదటి స్టేజీలో శుభ్రంగా, మూడో స్టేజీలో మురికిగా కనిపించడంలో వింతేమీ లేదు. అదే మూడో స్టేజీలో 55 మెగాహెర్ట్జ్ ఎల్‌ఎం4562 పెట్టి చూడండి. లూప్ గెయిన్ మళ్లీ 325. అంటే మొదటి స్టేజీలో ఎన్‌ఈ5532కి ఉన్నంత. డబ్బు పెట్టాల్సింది ఆ ఒక్క చోట. మొదటి రెండింటిలో మామూలు చిప్పు హాయిగా పనిచేస్తుంది. కొనుగోలు వాళ్లు ఖర్చు తగ్గించమన్నప్పుడు చూపించడానికి ఇంతకంటే మంచి పట్టిక ఉండదు.

చివరి స్టేజీ మీద ఇంకో భారం కూడా ఉంది. మొదటి స్టేజీ ఆప్-ఆంప్‌లో పుట్టిన హార్మోనిక్స్ కటాఫ్ దాటి ఉంటే వెనకాల వచ్చే స్టేజీలు వాటిని కోసేస్తాయి. చివరి స్టేజీ ఆప్-ఆంప్‌లో పుట్టినవాటిని కోసేవాళ్లెవరూ లేరు. అవి నేరుగా బయటికే వస్తాయి.

పైన చెప్పిన 7 కిలోహెర్ట్జ్ కూడా యాదృచ్ఛికం కాదు. హార్మోనిక్‌ని అణచేది ఆ హార్మోనిక్ ఫ్రీక్వెన్సీలో ఉన్న లూప్ గెయిన్. 6.7 కిలోహెర్ట్జ్ టోన్‌కి మూడో హార్మోనిక్ 20 దగ్గర పడుతుంది, అంటే లూప్ గెయిన్ బాగా పడిపోయిన చోట. రెండో హార్మోనిక్‌కి అదే ఇబ్బంది 10 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. అందుకని కటాఫ్‌లో సగం, మూడోవంతు ఫ్రీక్వెన్సీల్లో కొలవకుండా ఫిల్టర్ బాగుందని సంతకం పెట్టకండి.

కటాఫ్‌కి ఇంకా దగ్గరగా వెళ్తే కొలతే మోసం చేస్తుంది. 12 కిలోహెర్ట్జ్ టోన్‌కి రెండో హార్మోనిక్ 24లో ఉంటుంది. ఎనలైజర్‌ని 22 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో పెట్టి ఉంచితే ఒక్క హార్మోనిక్ కూడా కనిపించదు, టీహెచ్‌డీ అద్భుతంగా వస్తుంది. 80 కిలోహెర్ట్జ్‌కి మార్చినా ముందు స్టేజీల హార్మోనిక్స్‌ని ఫిల్టరే తినేసి ఉంటుంది. లోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. రెండు టోన్లు కలిసి వచ్చినప్పుడు అది పాస్‌బ్యాండ్ లోపలే బయటపడుతుంది. ఆడియోలో 19, 20 కిలోహెర్ట్జ్ టోన్లు సమానంగా కలిపి పెట్టే పరీక్ష ఇందుకే ఉంది. మన ఫిల్టర్ కటాఫ్ 20లోనే ఉంది కాబట్టి 17, 18 కిలోహెర్ట్జ్ తీసుకోండి. రెండో రకం లోపం 1 కిలోహెర్ట్జ్‌లో గీతగా నిలబడుతుంది, మూడో రకం 16లో, 19లో. వీటిని ఫిల్టర్ దాచలేదు. ఒక్క జాగ్రత్త: రెండు టోన్లు కలిస్తే పీక్ రెట్టింపవుతుంది, ఒక్కోదాన్ని సగం లెవెల్‌లో పెట్టాలి.

సాలెన్-కీలో ఇంకో డిస్టార్షన్ మూలం ఉంది, దాని నిర్మాణంలోనే. ఎంఐటీ లింకన్ లాబొరేటరీ నుంచి 1955లో సాలెన్, కీ ఇద్దరూ ప్రచురించిన ఈ సర్క్యూట్‌లో సిగ్నల్ నాన్-ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కి వెళ్తుంది. కాబట్టి ఆప్-ఆంప్ రెండు ఇన్‌పుట్లూ సిగ్నల్‌తోపాటే పైకీ కిందికీ ఊగుతాయి. జేఫెట్ ఇన్‌పుట్ చిప్పుల్లో ఇన్‌పుట్ కెపాసిటెన్స్ ఈ ఊపుతో మారుతుంటుంది. ఆ ఇన్‌పుట్ ముందు పెద్ద రెసిస్టర్లు ఉంటే ఆ మార్పు డిస్టార్షన్‌గా బయటికి వస్తుంది. ఓపీఏ134 డేటాషీట్ దీన్ని దాచకుండా చెబుతుంది: నెట్‌వర్క్ ఇంపీడెన్స్ 2 కిలోఓంలు దాటితే రెండు ఇన్‌పుట్లకీ కనిపించే ఇంపీడెన్స్ సమానం చేయమంటుంది. ఫీడ్‌బ్యాక్ తీగ స్థానంలో తగిన రెసిస్టర్ పెట్టి చూడండి. డిస్టార్షన్ తగ్గితే దొంగ దొరికినట్టే.

మరీ ఇబ్బందైతే ఆ స్టేజీని మల్టిపుల్ ఫీడ్‌బ్యాక్ పద్ధతికి మార్చండి. అందులో ఇన్‌పుట్లు గ్రౌండ్ దగ్గరే నిలబడతాయి, కామన్-మోడ్ ఊపు ఉండదు. పైగా చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో సాలెన్-కీకి ఉన్న రోగం, అంటే ఆప్-ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ పెరిగి సిగ్నల్ ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ గుండా నేరుగా అవుట్‌పుట్‌కి దూరిపోవడం, దీనికి చాలావరకు లేదు. స్విచింగ్ సప్లై పక్కనే ఉన్న బోర్డులో అది చిన్న లాభం కాదు. అయితే అన్నీ ఉచితం కావు. మూడు రెసిస్టర్లూ సమానంగా ఉన్న యూనిటీ గెయిన్ స్టేజీలో సొంత ఫ్రీక్వెన్సీ దగ్గర నాయిస్ గెయిన్‌లో క్యూ వర్గానికి గుణకం రెండు కాదు, మూడు. లూప్ గెయిన్ ఇంకో మూడు డీబీ దాకా పోతుంది. వేగం ఉన్న బైపోలార్ ఆప్-ఆంప్, చిన్న రెసిస్టర్లు ఉంటే సాలెన్-కీ చాలు. జేఫెట్, పెద్ద రెసిస్టర్లు తప్పవంటే మల్టిపుల్ ఫీడ్‌బ్యాక్. నా లెక్క అంతే.

కెపాసిటర్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎక్స్7ఆర్ సిరామిక్ కెపాసిటర్ విలువ దాని మీద వోల్టేజీని బట్టి మారుతుంది. చిన్న ప్యాకేజీలో, రేటెడ్ వోల్టేజీకి దగ్గరగా, సగానికి పైగా పడిపోయే రకాలున్నాయి. డీకప్లింగ్‌కి పెట్టినప్పుడు దానివల్ల పెద్ద నష్టం లేదు. ఫిల్టర్‌లో పెడితే సిగ్నల్ ఊగినప్పుడల్లా కటాఫ్ కూడా ఊగుతుంది, అది నేరుగా హార్మోనిక్స్‌గా మారుతుంది. పైగా బోర్డు మీద తడితే పలికే గుణం కూడా వీటికుంది. ఫిల్టర్‌లో సిరామిక్ అంటే సీ0జీ, దాన్నే ఎన్‌పీ0 అంటారు. లేదా పాలీప్రొపిలీన్ ఫిల్మ్. మామూలుగా దొరికే పాలియెస్టర్ ఫిల్మ్ మధ్యస్థం. ఎక్స్7ఆర్ కంటే ఎంతో నయం, కానీ పెద్ద వోల్టేజీలో దాని మూడో హార్మోనిక్‌ని మంచి ఎనలైజర్ పట్టేస్తుంది.

సీ0జీ చిన్న విలువల్లో చవక, పెద్ద విలువల్లో పెద్దదీ ఖరీదైనదీ. అందుకని విలువలు కెపాసిటర్ వైపు నుంచి మొదలుపెట్టండి. కొన్ని నానోఫారడ్ల దగ్గర నిలబడి, దానికి తగ్గ రెసిస్టర్ వెతకండి. 20 కిలోహెర్ట్జ్‌కి 4.7 నానోఫారడ్లు తీసుకుంటే సుమారు 1.7 కిలోఓంలు, 1 నానోఫారడ్‌కి 8 కిలోఓంలు. రెసిస్టర్ మరీ చిన్నదైతే ఆప్-ఆంప్ మీద లోడు పెరిగి అది కొత్త డిస్టార్షన్ తెస్తుంది, పెద్దదైతే నాయిస్, కామన్-మోడ్ బెడద. ఆడియో పరిధిలో 1 నుంచి 5 కిలోఓంల మధ్య సుఖంగా ఉంటుంది.

రెండు కెపాసిటర్లలో ఏది ముఖ్యమో తెలుసా? సాలెన్-కీ లోపాస్‌లో గ్రౌండ్‌కి పోయే చిన్న కెపాసిటర్ మీద స్టేజీ అవుట్‌పుట్ వోల్టేజీ అంతా పడుతుంది. ఫీడ్‌బ్యాక్‌లో ఉన్న పెద్దదాని మీద, సమాన రెసిస్టర్లుంటే, స్టేజీ సొంత ఫ్రీక్వెన్సీ దగ్గర అవుట్‌పుట్‌ని రెండు క్యూలతో భాగించినంతే. క్యూ 1.93 అయితే సుమారు నాలుగోవంతు. పెద్ద విలువలో సీ0జీ దొరక్క రాజీ పడాల్సి వస్తే ఆ రాజీ ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ దగ్గర, అదీ ఫిల్మ్ రకంతో. ఎక్స్7ఆర్ రెండు చోట్లా వద్దు. ఒకే కెపాసిటర్‌కి బదులు రెట్టింపు విలువవి రెండు సిరీస్‌లో పెడితే ఒక్కోదాని మీద వోల్టేజీ సగమై, మూడో హార్మోనిక్ నిష్పత్తి నాలుగోవంతుకి పడిపోతుంది. రెసిస్టర్లకీ ఈ కిటుకు పనిచేస్తుంది. థిక్ ఫిల్మ్ చిప్ రెసిస్టర్లకి కూడా వోల్టేజీతో మారే గుణం కొంత ఉంది కాబట్టి సిగ్నల్ దారిలో థిన్ ఫిల్మ్ వేయండి.

కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట విడిగా కొన్నప్పుడు 104 అని రాసిన చిన్న సిరామిక్ కెపాసిటర్ మీద విలువ తప్ప డైఎలక్ట్రిక్ సంగతి ఉండదు. ప్రోటోటైప్‌కి తెచ్చుకోవచ్చు, ఫిల్టర్ స్థానాల్లో మాత్రం పార్ట్ నంబర్ తెలిసిన రీల్ నుంచే వాడండి. లేకపోతే ప్రోటోటైప్ కొలతకీ ఉత్పత్తి కొలతకీ పొంతన ఉండదు.

సిమ్యులేషన్ ఇవేవీ పట్టుకోలేదా అని అడగవచ్చు. తయారీదారులిచ్చే ఆప్-ఆంప్ మోడళ్లలో చాలావాటిలో గెయిన్, ఫేజ్, నాయిస్, స్లూ రేటు ఉంటాయి, అసలు డిస్టార్షన్ పుట్టే యంత్రాంగం ఉండదు. మామూలు కెపాసిటర్ మోడల్ ఆదర్శ కెపాసిటరే. అక్కడ వచ్చిన టీహెచ్‌డీ అంకెని రిపోర్టులో పెట్టకండి. సిమ్యులేషన్‌ని ప్రతి స్టేజీ ఊపు, లూప్ గెయిన్, ప్రతి కెపాసిటర్ మీద వోల్టేజీ చూడటానికి వాడండి. ఆ మూడూ అది నమ్మకంగా చెబుతుంది.

స్పెసిఫికేషన్ మాటకి వద్దాం, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. టీహెచ్‌డీ 0.01 శాతం అని మాత్రమే రాసి ఉంటే అది సగం వాక్యం. ఏ లెవెల్‌లో, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఎంతదాకా, కొలత బ్యాండ్‌విడ్త్ ఎంత, లోడు ఎంత అన్నవి మీరే అడిగి రాయించండి. జూనియర్ అడిగితే ఏమనుకుంటారో అని సంకోచించవద్దు. రివ్యూలో ఈ నాలుగు ప్రశ్నలూ అడిగేవాళ్లే అందరికీ పనికొస్తారు. తర్వాత బడ్జెట్ పంచుకోండి. మొత్తం మైనస్ 90 డీబీ కావాలంటే సమానంగా మూడు భాగాలు చేయకుండా, లూప్ గెయిన్ తక్కువున్న మూడో స్టేజీకి సగం, అంటే మైనస్ 96, మొదటి రెండింటికీ నాలుగోవంతు చొప్పున, మైనస్ 102 ఇవ్వండి. స్టేజీల హార్మోనిక్స్‌ని నాయిస్‌లా వర్గాలు కలిపి లెక్కించకూడదు. అవి ఒకే సిగ్నల్ నుంచి పుట్టినవి, ఫేజ్ కలిస్తే నేరుగా కూడిపోతాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకున్న బోర్డు మీకు ఎదురుపడవచ్చు, దాన్ని నమ్ముకుని డిజైన్ చేయకండి.

బోర్డు మీద లోపం కనిపిస్తే ముందు ఎనలైజర్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే కలిపి దాని సొంత డిస్టార్షన్ చూసుకోండి. తర్వాత లెవెల్‌ని 6 డీబీ తగ్గించండి. సిగ్నల్‌తో పోల్చినప్పుడు రెండో హార్మోనిక్ 6, మూడోది 12 డీబీ పడితే అది మెత్తని వంపు: కెపాసిటరో, కామన్-మోడో, లూప్ గెయిన్ కొరతో. లెవెల్ తగ్గిస్తే నిష్పత్తి పెరిగితే అవుట్‌పుట్ స్టేజీలో క్రాసోవర్ డిస్టార్షన్ ఉన్నట్టు. ఎల్‌ఎం358 దీనికి పేరు పడ్డది. దాని అవుట్‌పుట్ నుంచి నెగటివ్ సప్లైకి ఒక రెసిస్టర్ వేస్తే చాలావరకు పోతుంది. ఫ్రీక్వెన్సీ కటాఫ్ వైపు వెళ్లేకొద్దీ మూడో హార్మోనిక్ లేస్తే, గ్రౌండ్ వైపు కెపాసిటర్‌ని సీ0జీతో మార్చి చూడండి. మారితే అదే, మారకపోతే ఆప్-ఆంప్. సప్లై తీగలు కదిలిస్తే రెండో హార్మోనిక్ మారుతోందంటే భాగాల తప్పు కాదు. ఆప్-ఆంప్ సప్లై నుంచి లాగే కరెంటు సగం సగం తరంగాలుగా ఉంటుంది, అది సిగ్నల్ గ్రౌండ్‌లోకో, పక్కనున్న ట్రాక్‌లోకో దూరుతోంది. డీకప్లింగ్ కెపాసిటర్ల గ్రౌండ్‌ని ఫిల్టర్ గ్రౌండ్ గుండా కాకుండా విడిగా సప్లై గ్రౌండ్‌కి తీసుకెళ్లాలి.

చివరగా బీఓఎం. ఫిల్టర్ కెపాసిటర్ల వరసలో విలువ, వోల్టేజీ మాత్రమే రాసి వదిలేస్తే, సరుకు దొరకని రోజున కొనుగోలు విభాగం అదే విలువ, అదే సైజు ఎక్స్7ఆర్ తెచ్చేస్తుంది. వాళ్ల తప్పు కాదది, కాగితం మీద రెండూ ఒకటే. ఆ వరసలోనే డైఎలక్ట్రిక్ సీ0జీ, మార్చాలంటే డిజైన్ ఇంజనీర్ అనుమతి తప్పనిసరి అని రాయండి. మూడో స్టేజీ ఆప్-ఆంప్ వరసలో కూడా గెయిన్-బ్యాండ్‌విడ్త్ ఇంతకు తగ్గకూడదని రాసి, పక్కనే మీరు వేసిన లూప్ గెయిన్ పట్టిక ఫైలు పేరు ఇవ్వండి. రెండేళ్ల తర్వాత ఆ చిప్పు ఆగిపోయి ఇంకొకరు బదులు వెతకాల్సి వస్తే, వాళ్లు తెరిచే మొదటి కాగితం అదే అవుతుంది.